శబ్దం వినిపిస్తోంది, మాట అందడం లేదంటే

మీ నాన్నగారికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి బాగా తగ్గినవాళ్లకు ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) స్విచ్ ఆన్ చేసి 5 నెలలైందని, శబ్దాలు వినిపిస్తున్నా మాటలు అర్థం కావడం లేదని, వాల్యూమ్ పెంచితే సరిపోతుందా అని అడిగారు. నా అనుభవంలో సరిపోదు. 43 ఏళ్లప్పుడు నాకు ఆపరేషన్ అయింది. మొదట్లో నేనూ వాల్యూమే పెంచుకునేదాన్ని. గోల పెరిగింది తప్ప మాట తేటపడలేదు.

చెవిలో అమర్చిన ఒక్కో ఎలక్ట్రోడ్ ఒక్కో రకం శబ్దాన్ని నాడికి అందిస్తుంది, బొంగురు నుంచి కీచు దాకా. కంపెనీని బట్టి అవి 12, 16, 22 ఇలా ఉంటాయి. మ్యాపింగ్‌లో, అంటే పరికరాన్ని మనిషికి తగ్గట్టు సెట్ చేసేటప్పుడు, ప్రతి ఎలక్ట్రోడ్‌కీ రెండు హద్దులు పెడతారు. వినీ వినపడనంత కరెంటు టీ లెవెల్, ఇబ్బంది లేకుండా వినగలిగినంత గట్టిది సీ లెవెల్. కొన్ని కంపెనీలవాళ్లు దీన్నే ఎం లెవెల్ అంటారు. బయటి మాటంతా ఈ రెండింటి మధ్య ఇరుకు సందులోనే ఇమడాలి. టీ మరీ ఎక్కువైతే ఎప్పుడూ ఏదో హోరు ఉంటుంది, తక్కువైతే మెల్లగా పలికిన అక్షరాలు జారిపోతాయి.

నా ఇబ్బంది సీ లెవెల్‌తో వచ్చింది. తొలి రోజుల్లో కీచు శబ్దాలు భరించలేక తగ్గించమన్నాను. తర్వాత వాటిని ఎవరూ పెంచలేదు, నేనూ అడగలేదు. ‘సరే’ అంటే నాకు ‘అరే’ అని వినిపించేది! మా ఆయన నోటికి అడ్డంగా కాగితం పెట్టుకుని మాటలు చదివితే, తప్పు విన్నవన్నీ ఒక పుస్తకంలో రాశాను. దాదాపు అన్నీ స, శ, చ ఉన్నవే. ఆ పుస్తకం చూపించాక ఆడియాలజిస్ట్ (మ్యాపింగ్ చేసే వినికిడి నిపుణులు) కీచు శబ్దాల ఎలక్ట్రోడ్‌లను కొంచెం పెంచి, పక్కపక్క ఎలక్ట్రోడ్‌లు సమానంగా వినిపిస్తున్నాయా అని జంటలుగా సరిచూశారు. ఒక ఎలక్ట్రోడ్ పనిచేసినప్పుడల్లా కంటి పక్కన అదురుతోందని చెబితే దాన్ని ఆపేశారు. రెండు వారాలు అందరి గొంతులూ గీరగీరగా అనిపించాయి. ఓపిక పట్టాను. ఆ తర్వాత ‘సరే’ సరేలాగే వినిపించింది.

కాబట్టి నాన్నగారిని ‘క్లియర్‌గా లేదు’ అని మాత్రమే చెప్పనివ్వకండి. ఏ అక్షరం, ఎవరి గొంతు, ఏ ప్రోగ్రాంలో (పరికరంలో దాచి ఉంచే సెట్టింగుల్లో ఏది పెట్టుకున్నప్పుడు) అన్నది రాసుకెళ్లండి. పాత మ్యాప్‌ను ఇంకో ప్రోగ్రాంలో ఉంచమనండి, కొత్తది కుదరకపోతే వెనక్కి రావచ్చు. మార్పుకు ముందూ తర్వాతా మాటల పరీక్ష చేయించండి. సందడిలో వాడే ప్రోగ్రాం ఎదుటివాళ్ల మాటకు బాగుంటుంది కానీ, ఇంట్లో అదే పెట్టుకుంటే వెనకనుంచి పిలిచినవాళ్ల మాట సరిగ్గా అందకపోవచ్చు.

సెట్టింగులు ఎంత కుదిరినా మెదడు కొత్త శబ్దానికి అలవాటు పడాలి, దానికి చెవి బయట ఉండే భాగాన్ని, అంటే ప్రాసెసర్‌ను, రోజంతా పెట్టుకోవాల్సిందే. ఆయన రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు? ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు ఆ లెక్క నమోదు చేస్తాయి, ఈసారి మ్యాపింగ్‌లో అడిగి చూడండి.