ఎగ్మోరు మ్యూజియంలో ఏం చూడాలి, ఎంతసేపు చూడాలి?

ప్రశ్న: మాది చెన్నైలో విల్లివాక్కం. ఎండాకాలం సెలవుల్లో మా అత్తగారు ఊరినుంచి వస్తే పిల్లలతో సహా ఎగ్మోరు మ్యూజియంకి తీసుకెళ్లాను. “చచ్చిన కాలేజీలో చూడ్డానికేముందే” (మ్యూజియంకి పాతకాలం మద్రాసువాళ్ల పేరు లెండి) అంటూనే వచ్చిన ఆవిడ, కంచు నటరాజస్వామి ముందు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. మా అమ్మాయి సిగ్గుపడి పక్కకెళ్లిపోయింది. నేను లేబుళ్లన్నీ చదువుకుంటూ వెళ్లాను గానీ బయటికొచ్చాక ఒక్కటీ గుర్తులేదు. అసలు వీటిని ఎలా చూడాలండీ? చదువుకున్నవాళ్లకి కనిపించేదేదో మాలాంటివాళ్లకి కనిపించదా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మాయి సిగ్గుపడాల్సిన పనేం లేదని ముందు చెప్పండి. ఆ గదిలో ఆ విగ్రహం దేనికి పోశారో తెలిసి ప్రవర్తించిన మనిషి మీ అత్తగారే. అవి ఉత్సవ విగ్రహాలు. ఈసారి వెళ్లినప్పుడు మొహం వదిలేసి పీఠం చూడండి, చాలావాటికి ఊరేగింపులో కర్రలు దూర్చడానికి కన్నాలో కడియాల్లాంటివో ఉంటాయి. గుడిలో ఉన్నన్నాళ్లూ వీటికి పట్టుబట్ట, పూలదండలు, నగలు, వాటి మధ్యలోంచి ఎంత కనిపిస్తే అంతే దర్శనం. మ్యూజియంలో మనం తీరిగ్గా చూసే భుజాలూ, నడుం ఒంపూ, తొడ బిగువూ ఉత్సవంలో వీధి పక్కన నిలబడ్డ భక్తుడికి దాదాపు కనిపించనే కనిపించవు. అలాంటప్పుడు సరైన చూపు ఏదో ఒకటే అని ఎవరన్నా చెబితే నేను నమ్మను.

ఇక గుర్తులేకపోవడం గురించి. ఇది మీ ఒక్కరి బాధ కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప బొమ్మల ముందు జనం ఎంతసేపు నిలబడుతున్నారో గడియారం పెట్టి చూశారు, 2001లో ఆ లెక్క అచ్చయింది: సగటున 27 సెకన్లు, అందులోనూ సగం చూపులు 17 సెకన్లకు మించలేదు, లేబుల్ చదివిన టైం కూడా కలుపుకునే! తర్వాత షికాగోలో చూసినా సగటు దాదాపు అంతే వచ్చింది. కాళ్లు పీకడం, తల బరువెక్కడం కూడా కొత్తేం కాదు, బాస్టన్ మ్యూజియంలో పనిచేసిన గిల్మన్ అనే ఆయన 1916లోనే ‘మ్యూజియం అలసట’ అని దానికి పేరు పెట్టి, అద్దాల పెట్టెల్లోకి వంగి వంగి చూసే మనిషిని ఫొటోలు తీసి మరీ చూపించాడు. హార్వర్డ్‌లో ఒక ప్రొఫెసరు తన విద్యార్థుల్ని ఒకే బొమ్మ ముందు మూడు గంటలు కూర్చోమంటారు. పిల్లల్ని వెంటేసుకుని వెళ్లినవాళ్లకి అదెక్కడ కుదురుతుంది, పదినిమిషాలు చాలు, కానీ రెండు మూడు వస్తువుల దగ్గరే. మిగతావి చూడకుండా వచ్చేస్తే టికెట్ డబ్బులు వేస్ట్ అనే టెన్షన్ వదిలేయాలి, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఏ రెండు మూడంటారా? కంచు విగ్రహాల్లో తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడి దగ్గర ఆగండి, పదకొండో శతాబ్దపు చోళుల పని. లేబుల్ జోలికి పోకుండా పిల్లల్ని చేతులు లెక్కపెట్టమనండి. మూడే ఉంటాయి. విగ్రహానికి కుడివైపు శివుడివి రెండు, ఎడమవైపు అమ్మవారిది ఒకటి. ఎందుకిలా అని వాళ్లే అడుగుతారు, మీరు జవాబు చెప్పకండి, కిందికి చూడమనండి. బట్ట ఒక కాలికి పొట్టిగా తొడ దగ్గరే ఆగిపోతుంది, ఇంకో కాలికి పొడుగ్గా దిగుతుంది. నడుం ఒకవైపు తిన్నగా, రెండోవైపు పక్కకి ఒరిగి. రెండు ఒళ్లను మధ్యలో గీత గీసి అతికించినట్టు ఎక్కడా ఉండదు, ఎక్కడ ఒకరు ఆగి ఇంకొకరు మొదలయ్యారో వేలుపెట్టి చూపించలేం. ఇదంతా చూడ్డానికి ఏ డిగ్రీ కావాలండీ?

తర్వాత నటరాజులు. ఒకటి కాదు, పక్కపక్కన పెట్టి పోల్చండి. మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో కరిగించిన లోహం పోస్తారు, ఆరాక మట్టి పగలగొడతారు. అంటే అచ్చు ఒక్కసారితో సరి, అందుకే ఒకటున్నట్టు ఇంకోటి ఉండదు. ఎత్తిన కాలు ఎంత ఎత్తిందో, చుట్టూ మంటల వలయం ఉందో లేదో చూస్తూ పోతే తేడాలు వాటంతటవే బయటపడతాయి. తిరువాలంగాడు నటరాజుకి ఆ వలయం లేదు. ఒళ్లు ఒక్కటే మిగిలింది, నాకైతే అలాగే బావుంటుంది. ఫ్రెంచి శిల్పి రోడిన్ ఆ విగ్రహాన్ని కళ్లారా చూడనే లేదు, ఫొటోలు మాత్రమే చూసి మురిసిపోయి రాసింది ఆయన పోయాక 1921లో అచ్చయింది. మీరేమో తిరువాలంగాడు మీదుగా పోయే అరక్కోణం లోకల్ లైనులోనే ఉంటున్నారు!

ఇంత చూసినా ఏమీ అనిపించకపోతే? ఏం ఫరవాలేదు. అనిపించినట్టు నటించకండి చాలు. లేబుల్ మాత్రం చివర్లో చదవండి, అప్పుడు మీ ప్రశ్నకి అది జవాబవుతుంది, ముందే చదివితే పరీక్షకి బట్టీ పట్టినట్టు ఉంటుంది.

ప్రశ్న: మన గుంటూరు సీమలో దొరికిన అమరావతి శిల్పాలు చెన్నైలో ఎందుకున్నాయి? అవి చూస్తే గర్వం కన్నా కోపమే వస్తోంది. – పెరంబూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోపం వస్తే రానీయండి, అదీ చూడ్డంలో భాగమే. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో అక్కడ తవ్వించి రాళ్లను మద్రాసుకి పంపించాడు, అవి ఇక్కడ ఆరుబయట ఎండకీ వానకీ ఏళ్ల తరబడి పడున్నాయి, 1859లో చాలావరకు ఓడెక్కి లండన్ వెళ్లాయి, ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంకొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నాయి. ఎక్కడుండాలన్న వాదన ఇక్కడ తేలేది కాదు.

వాటిని చూసే పద్ధతి గురించి మాత్రం ఒక మాట. అవి స్తూపం చుట్టూ, ప్రదక్షిణ చేసేవాళ్ల కళ్లకోసం చెక్కినవి. ఎదురుగా బిగుసుకుని నిలబడితే సగమే అందుతుంది, మెల్లగా పక్కకి నడుస్తూ చూడండి. నాళాగిరి ఏనుగు ఉన్న గుండ్రటి ఫలకం దగ్గర ఇది బాగా తెలుస్తుంది, రెండో శతాబ్దపు పని. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలో జనం మీద పడుతోంది, కుడివైపుకి వచ్చేసరికి అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే రాతిమీద ఒకే ఏనుగు రెండుసార్లు. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు, గొడవైతే బాల్కనీల్లోకి వచ్చేసే మన అలవాటు అప్పటికే ఉందన్నమాట.

ప్రశ్న: ఫొటోలు తీసుకుంటే తప్పా? ఇంటికొచ్చాక చూసుకోవచ్చు కదా!

జవాబు: నిజం చెప్పండి, ఎన్నిసార్లు చూసుకున్నారు? అమెరికాలో లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు మ్యూజియంలోనే విద్యార్థులమీద పరీక్ష చేసి 2014లో ప్రచురించారు. ఊరికే చూసిన వస్తువులకన్నా ఫొటో తీసినవే వాళ్లకి తక్కువ గుర్తున్నాయి. ఫోన్ గుర్తుపెట్టుకుంటుందిలే అని మనసు పని మానేస్తుంది కాబోలు. అయితే జూమ్ చేసి ఒక భాగం మాత్రమే తీసినవాళ్లకి ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి తీయాలనుంటే మొత్తం నటరాజుని కాకుండా కాలికింద నలుగుతున్న అపస్మారుణ్ణో, ఎత్తిన పాదాన్నో తీయండి, ఏది తీయాలో తేల్చుకోవడానికైనా కాసేపు చూడక తప్పదు. ఇంకోటి, శుక్రవారం మ్యూజియంకి సెలవు, అంతదూరం వెళ్లి గేటు చూసి వెనక్కి రాకండి.