పిల్లల మొదటి మ్యూజియం: పొరుగువాళ్ల బొమ్మలతో మొదలుపెట్టండి

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి ఆరు నెలలైంది. పిల్లలకు తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కో డి యంగ్ మ్యూజియంలో స్థానిక కళాకారుల ప్రదర్శన పెడుతుంటారని ఆఫీసులో చెప్పారు. పిల్లలు అల్లరి చేస్తే నలుగురిలో తలవంపులు కదా, కొంచెం పెద్దయ్యాక తీసుకెళ్లడం మంచిదేమో?

జవాబు: పెద్దయ్యాక మీరు రమ్మన్నా రారు. ఇప్పుడే తీసుకెళ్లండి. మొదటిసారికి ఇలాంటి ప్రదర్శనే మేలు కూడా.

మీకు చెప్పింది డి యంగ్ ఓపెన్ గురించి అయి ఉంటుంది. 2020లో మొదలైంది, మూడేళ్లకోసారి పెడతారు. బే ఏరియా, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తొమ్మిది కౌంటీలలో (మన జిల్లాల్లాంటివి) ఉండే కళాకారులు ఎవరైనా తమ బొమ్మలు పంపవచ్చు. మొదటిసారి పదకొండు వేలకు పైగా వస్తే 877 ఎంపిక చేశారు. వాటిని మన దేవుడి గదిలో పటాల్లాగా గోడ కనబడకుండా కింది నుంచి పైదాకా వేలాడదీశారు. మామూలు ప్రదర్శనల్లో బొమ్మలన్నీ పెద్దవాళ్ల కంటి ఎత్తులో ఉంటాయి, పిల్లలు మెడలెత్తి విసిగిపోతారు. ఇక్కడ అడుగు వరుస మీ అయిదేళ్ల వాడిదే.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. పెద్ద పెద్ద రంగుల బొమ్మలన్నీ దాటిపోయి, మోకాలి ఎత్తులో ఉన్న ఒక చిన్న బొమ్మ దగ్గర చతికిలబడింది. రాత్రిపూట లాండ్రోమాట్, అదే, నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే చోటు. వరసగా గుండ్రటి మెషీన్లు, ఒకదానికి తలుపు తెరిచి ఉంది, అందులోంచి ఒక ఎర్ర సాక్సు వేలాడుతోంది. ‘రెండోది ఎక్కడుంది?’ అని అడిగింది. మేము వచ్చిన కొత్తలో ఆదివారాలు అలాంటి చోటే చిల్లర నాణేలు లెక్కపెట్టుకుంటూ గడిపాము. ఆ ముచ్చట అక్కడే నేల మీద కూర్చుని చెప్పాను. ఎంతో పేరున్న చిత్రం ముందు మేము అంతసేపు నిలబడింది ఎన్నడూ లేదు.

మనలో చాలామందికి మ్యూజియం అంటే సాలార్‌జంగ్‌కు వెళ్లిన బడి విహారయాత్రే. మాస్టారి వెనక వరసలో నడిచి, గంట కొట్టే గడియారం ముందు కూలబడి, ఆ చిన్న బొమ్మ మనిషి బయటికి రాగానే చప్పట్లు కొట్టి బస్సెక్కేశాము. నిజానికి అదే సరైన పద్ధతి! ఒకటి నచ్చితే చాలు. అన్నీ చూపించాలని లాక్కెళ్లకండి, పక్కనున్న చీటీలు చదివించకండి, ఇంటికొచ్చాక ‘ఏం నేర్చుకున్నావు’ అని అసలు అడగకండి. గంట చాలు. ఒక పెన్సిలు, చిన్న పుస్తకం చేతికివ్వండి. చేతికి పని ఉంటే బొమ్మల మీదికి పోదు. పెన్ను మాత్రం వద్దు. బొమ్మకు మూరెడు దూరంలో నిలబడాలని ఇంట్లోనే గోడ దగ్గర ఒకసారి ఆడించండి. కాపలావాళ్లు ఏమైనా అంటే ‘సారీ’ చెప్పి పక్కకు జరగండి, అంతే. వాళ్లకు ఇది రోజూ ఉండేదే.

ఇబ్బంది ఒకటుంది, దాచడం ఎందుకు. బట్టల్లేని బొమ్మలు కనబడవచ్చు, గోడంతా నిండి ఉంటుంది కాబట్టి తప్పించుకుని పోవడం కుదరదు. పిల్లల కళ్లు మూయకండి. రామప్ప గుడిలో మదనికలనే స్త్రీ శిల్పాల ముందు మా తాతయ్య మమ్మల్ని నిలబెట్టి వాళ్ల నగలు లెక్కపెట్టమనేవారు. ఎవరి కళ్లూ మూయలేదు.

ఖర్చు సంగతి. పదిహేడేళ్లు, అంతకు లోపు వాళ్లకు సాధారణ ప్రవేశం ఉచితం. తొమ్మిది కౌంటీల వాళ్లకు శనివారాలు పెద్దలకూ ఉచితమే, మీ ఫ్రీమాంట్ అందులోకి వస్తుంది. ప్రత్యేక ప్రదర్శనలకు వేరే టికెట్ ఉంటుంది కనుక వెళ్లే ముందు చూసుకోండి. లైబ్రరీ కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి. డిస్కవర్ అండ్ గో అనే పథకం కింద ఇక్కడి లైబ్రరీలు చాలా మ్యూజియంలకు పాసులు ఇస్తాయి. కారు పార్కింగ్ మాత్రం ఖరీదు. బార్ట్ రైలు దిగి ‘ముని’ అనే సిటీ బస్సు ఎక్కడం హాయి, అందులో పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

గుమ్మం దగ్గర తొందరపడకండి. రోడ్డు అంచు నుంచి తలుపుదాకా నేల రాళ్లలో ఒక సన్నటి బీట కనిపిస్తుంది. దారిలో ఉన్న పెద్ద బండలను కూడా చీల్చుకుంటూ పోతుంది. కట్టడం లోపం కాదు, ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే కళాకారుడు భూకంపాల నేలను తలుచుకుని కావాలనే చేసినది. పాత భవనం 1989 భూకంపంలో దెబ్బతింది, ఇప్పుడున్నది 2005లో తెరిచారు. పిల్లలను ఆ బీట మీద అడుగులో అడుగు వేసుకుంటూ రమ్మనండి, తలుపు దాకా వాళ్లే వస్తారు.

పులిహోర డబ్బా లోపల తెరవనివ్వరు. ఎదురుగా మ్యూజిక్ కాంకోర్స్ అనే ఆరుబయట ఆవరణలో చెట్ల కింద బెంచీలున్నాయి. స్వెట్టర్లు మరవకండి, ఆగస్టు నెలైనా సరే.