కామెర్ల పాఠం చెప్పబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రపంచ హెపటైటిస్ దినోత్సవమైన జూలై 28న మీ జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో హెపటైటిస్ గురించి, అంటే కామెర్లు తెచ్చే కాలేయ వాపు గురించి చెప్పాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం బోధించిన అనుభవంతో నాకు తోచింది చెబుతున్నాను.

వైరస్ బొమ్మతో మొదలుపెట్టకు. మీ ఊళ్లో కామెర్లు వస్తే ఏం చేస్తారని అడిగి, పిల్లలు చెప్పేది చివరిదాకా విను. పసరు మందు తాగామని, చేతికి వాత పెట్టించారని, పథ్యం చేస్తే తగ్గిపోయిందని చెబుతారు. వాళ్లను నవ్వులపాలు చేయకు. తగ్గిన మాట నిజమే. కలుషితమైన నీటితో, ఆహారంతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే నయమవుతాయి కనుక ఆ పేరు పసరుకు దక్కుతుంది. రక్తం ద్వారా వచ్చే బి, సి రకాల సంగతి వేరు. కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి లోపల ఉండిపోయి, కొందరిలో కాలేయం గట్టిపడేదాకా, క్యాన్సర్ దాకా తీసుకుపోతాయి. గర్భిణికి ఇ రకం సోకితే ప్రాణాపాయమని మాత్రం ఆడపిల్లలకు, వాళ్ల ద్వారా ఇళ్లకు తెలియాలి.

బి రకం ఎలా సోకుతుందో చెప్పేటప్పుడు జాతరలో ఒకే సూదితో పొడిచే పచ్చబొట్లు, ఒకరు వాడిన బ్లేడుతో మరొకరు గీసుకోవడం వంటివి చెప్పు. శరీరం బయట ఆ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. తల్లి నుంచి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా కూడా వస్తుందన్న మాటను మొహమాటపడి దాటవేయకు.

నా తప్పొకటి చెప్పాలి. ఒకసారి బడిలో రక్త పరీక్షలు జరిగినప్పుడు ఫలితాల కాగితం అందరి ముందూ చదవనిచ్చాను. మర్నాటి నుంచి ఒక అబ్బాయి పక్కన ఎవరూ కూర్చోలేదు. కొన్నాళ్లకు వాడు బడే మానేశాడు. కలిసి తింటే, పక్కన కూర్చుంటే, చేతులు కలిపితే బి, సి రకాలు అంటుకోవని ముందే చెప్పి ఉంటే, ఫలితం వాడి తల్లిదండ్రులకు మాత్రమే తెలియనిచ్చి ఉంటే అలా జరిగేది కాదు. అందుకే పరీక్షలకన్నా ముందు పాఠం జరగాలంటాను.

బి రకం టీకా పుట్టిన 24 గంటల్లో ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు వేస్తారు. ఇది దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలోకి వచ్చింది 2011-12 ప్రాంతంలోనే. కాబట్టి పెద్ద తరగతుల పిల్లల్లో కొందరికి మొదటి మోతాదు అంది ఉండకపోవచ్చు. టీకా కార్డులు తెప్పించి, ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు చూపించు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ హైదరాబాదులోనే ఈ టీకాను తయారు చేసిందని చెబితే పిల్లలకు మరింత ఆసక్తి కలుగుతుంది. సి రకానికి టీకా లేదు గానీ, సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వం ఆ చికిత్సను ఉచితంగానే ఇస్తోంది.

పాఠం రోజున బడి నీళ్ల ట్యాంకు మూత తీయించి, పదో తరగతి పిల్లల చేత లోపలికి చూపించు. మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందో లేదో కూడా వాళ్లనే చూడమను.