నాలుగు వేలలో మంచి డ్రిల్ వస్తుందా?

ప్రశ్న: కొత్త ఫ్లాట్‌లో కర్టెన్ రాడ్లు, అరలు బిగించుకోవాలి. నాలుగు వేలలో నమ్మకమైన కార్డ్‌లెస్ డ్రిల్ చెప్పండి. 18 వోల్టులదా, 20దా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ గోడ సంగతి తేల్చుకోండమ్మా. ఇటుక గోడైతే హామర్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే ఏర్పాటు) ఉన్న 12 వోల్టుల డ్రిల్ చాలు. ఇప్పటి టవర్లలో చాలావాటికి గోడలు కూడా కాంక్రీటువే. అక్కడ చిన్న కార్డ్‌లెస్ మూలుగుతుంది తప్ప లోపలికి దిగదు. ఆ ఒక్క రోజుకీ వైరున్న రోటరీ హామర్, అంటే కాంక్రీటును గట్టిగా కొడుతూ తొలిచే పెద్ద డ్రిల్, అద్దెకు తెచ్చుకోండి.

18, 20 అనేది ఉత్త లేబుల్ గొడవ. రెండింట్లోనూ ఐదు లిథియం సెల్స్‌ వరసే. ఒక్కోటి నిండా ఛార్జయితే సుమారు 4 వోల్టులు, మామూలుగా 3.6. గుణించి చూసుకోండి! అట్టపెట్టె మీద ‘48 వోల్టులు’ అని అరిచే పేరులేని సెట్లను మాత్రం ముట్టుకోకండి.

నేనైతే మెషీన్ కన్నా ముందు బ్యాటరీ చూస్తాను. అది పోయిన రోజు విడిగా దొరక్కపోతే డ్రిల్ మొత్తం పాతసామాన్ల వాడికే. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి, ‘దీనికి విడి బ్యాటరీ ఎంత?’ అని అడగండి. షాపాయన తల గోక్కుంటే పక్క షాపుకు నడవండి. గోడకు మేసనరీ బిట్ (డ్రిల్‌కు తగిలించే మొన) వేరే ఉంటుంది, అదీ అక్కడే తీసుకోండి.