ఒళ్లంతా మచ్చలుంటే ప్లేగేనా?

ప్రశ్న: ముఖం నిండా చుక్కలున్న కొందరు మతగురువులు, ఎదురుగా చెయ్యెత్తిన బిషప్పు. ఈ పాత బొమ్మ కింద ఎక్కడ చూసినా ‘బ్లాక్ డెత్ రోగులు’ (అంటే 14వ శతాబ్దంలో ఐరోపాను కుదిపేసిన ప్లేగు రోగులు) అనే రాస్తున్నారు. నిజమేనా?

జవాబు: కాదు, వాళ్లు కుష్ఠు రోగులు. 14వ శతాబ్దంలో లండన్‌లో జేమ్స్ లె పామర్ కూర్చిన ‘ఓమ్నే బోనమ్’ అనే విజ్ఞాన సర్వస్వంలోది ఆ బొమ్మ. జబ్బుతో అశక్తుడైన మతగురువు తన విధులు నిర్వర్తించవచ్చా అన్నది అక్కడి చర్చ. చుట్టూ ఉన్న రాతను వదిలేసి బొమ్మను మాత్రమే కత్తిరించుకోవడంతో వచ్చిన తంటా ఇది. మంచం మీద ఒళ్లంతా బొబ్బలతో పడుకున్న ఆడామగల బొమ్మ ఇంకోటి తిరుగుతుంటుంది. అది 1411 నాటి టోగెన్‌బర్గ్ బైబిల్‌లోది. ఈజిప్టుకు పట్టిన పది అరిష్టాల్లో ఆరోదైన బొబ్బల తెగులును చూపిస్తుంది.

ఇలాంటి బొమ్మ కనబడితే ముందు పుండు ఎక్కడుందో చూడండి. బ్యుబోనిక్ ప్లేగులో గజ్జల్లో, చంకల్లో, మెడ పక్కన బిళ్లలు కడతాయి. ఒక్కోసారి కోడిగుడ్డంత అవుతాయి. ఒళ్లంతా ఒకే తీరున చుక్కలు చల్లినట్టుంటే అనుమానించాల్సిందే. అలాగని ఈ గుర్తునూ గుడ్డిగా నమ్మలేం. ప్లేగు నుంచి కాపాడతాడని కొలిచే సెయింట్ రాక్ బొమ్మల్లో ఆయన బట్ట పక్కకు తీసి తొడ మీది పుండు చూపిస్తుంటాడు, పక్కన రొట్టె కరుచుకున్న కుక్క ఉంటుంది. ఆ బిళ్ల ఉండాల్సింది గజ్జల్లో. చర్చిలో పెట్టే బొమ్మ కదా, మర్యాద కోసం చిత్రకారులు దాన్ని కాస్త కిందికి జరిపారు!

ప్రశ్న: బ్లాక్ డెత్ నాటి 1348లో వైద్యులు నిజంగా పక్షిముక్కు ముసుగు వేసుకునేవారా?

జవాబు: ఆ వేషం 17వ శతాబ్దంది. అందరికీ తెలిసిన బొమ్మ 1656లో పౌల్ ఫ్యూర్స్ట్ అచ్చువేసింది. చెడుగాలి వల్లే జబ్బు వస్తుందని నమ్మే రోజులు కాబట్టి ఆ ముక్కులో సుగంధ ద్రవ్యాలు కూరేవారు. బొమ్మను దగ్గరగా చూడండి: తొడుగుల వేళ్లకు పక్షిగోళ్లు, కర్ర కొసన రెక్కలున్న ఇసుక గడియారం, దూరాన పారిపోతున్న పిల్లలు. కిందున్న పద్యం కూడా వెక్కిరింపే. వైద్యుణ్ణి ఎగతాళి చేసిన బొమ్మను ఆనాటి ఫొటోలా చూపించడం సరికాదు.

ప్రశ్న: పాత బొమ్మల్లో వైద్యుడు గాజుబుడ్డి ఎత్తి వెలుగులో చూస్తుంటాడేం? అది మందా?

జవాబు: మూత్రం. రంగు, చిక్కదనం, అడుగున మడ్డి చూసి జబ్బు చెప్పేవారు. పోల్చుకోవడానికి 20 రంగుల చక్రాలు కూడా ఉండేవి. ఇప్పుడు స్టెతస్కోపు ఎలాగో అప్పుడు ఆ బుడ్డి అలాగ, వైద్యుణ్ణి ఆనవాలు పట్టే గుర్తు.

ప్రశ్న: థామస్ ఈకిన్స్ గీసిన రెండు ఆపరేషన్ చిత్రాల్లో ఒకదాంట్లో సర్జన్లు నల్లకోటుల్లో, ఇంకోదాంట్లో తెల్లబట్టల్లో ఉన్నారు. ఎందుకు?

జవాబు: రెంటికీ మధ్య 14 ఏళ్లు గడిచాయి. 1875 నాటి ‘ది గ్రాస్ క్లినిక్’లో డాక్టర్ శామ్యూల్ గ్రాస్ మామూలు నల్లకోటులోనే తొడ ఎముక ఆపరేషన్ చేస్తున్నాడు. చేతిలో కత్తి, వేళ్లకు నెత్తురు. పక్కన ఒకావిడ చూడలేక ముఖం కప్పుకుంది. గాయాల్లో క్రిములు చేరకుండా కార్బాలిక్ ఆమ్లం వాడే పద్ధతిని బ్రిటిష్ సర్జన్ లిస్టర్ 1867లోనే ప్రకటించినా గ్రాస్‌కు దాని మీద గురి కుదరలేదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ చిత్రాన్ని కళా విభాగంలోకి రానివ్వక, సైనిక ఆసుపత్రి నమూనా ప్రదర్శనలో వేలాడదీశారు. 1889 నాటి ‘ది ఆగ్న్యూ క్లినిక్’లో తెల్లబట్టలు వచ్చాయి, నర్సు కూడా వచ్చింది. అయితే చేతులు చూడండి: తొడుగులు లేవు. ముఖాలకు మాస్కులూ లేవు.