ఓటీపీ మేస్త్రీ ఫోన్‌కు పోతే ఆధార్ ఎవరిది?

ప్రశ్న: మా నాయన చాలా ఏండ్లు పుణె వైపు మట్టి పనికి పోయిండు. అప్పట్లో ఫోన్ లేక ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ నంబరే ఇచ్చినారు. ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాడు, రైతు భరోసా ఖాతాలో పడుతుంది, ఊర్లో బ్యాంకు తరఫున డబ్బులిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పెట్టి తీసుకుంటాడు. ఆ వేలిముద్రతో వేరేవాళ్లు డబ్బులు తీస్తారేమోనని టెన్షన్. ఆధార్‌లో వేలిముద్ర పనిచేయకుండా బయోమెట్రిక్ లాక్ చేద్దామంటే ఓటీపీ మేస్త్రీకి పోతుంది, ఆయన ఫోన్ ఎత్తడు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, మక్తల్

జవాబు: ముందు మేస్త్రీ వెంట పడటం మానేయండి. ఆధార్‌లో నంబరు మార్చడానికి పాత నంబరుకు ఓటీపీ రావాల్సిన పని లేదు. మీ నాయనను ఆధార్ సెంటర్‌కి తీసుకుపోతే ఆయన వేలిముద్రతోనే కొత్త నంబరు ఎక్కిస్తారు, పత్రాలేవీ అక్కర్లేదు. అయితే ఆ నంబరు ఆయన జేబులో ఉండే ఫోన్‌దే కావాలి. మేస్త్రీ నంబరు తీసేసి కొడుకు నంబరు పెట్టి పని అయిపోయిందనుకునే ఇండ్లు పాలమూరులో చాలా ఉన్నాయి, రేపు ఆ కొడుకు కూడా ముంబైకో హైదరాబాద్‌కో పోతే పెద్దాయన కథ మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్ మామూలుదైనా చాలు, ఓటీపీ మెసేజే కదా. రీచార్జ్ మాత్రం ఆపొద్దు, ఆపేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

బ్యాంకులో నంబరు వేరేగా మార్చాలి, ఆధార్‌లో మారినంత మాత్రాన అక్కడ మారదు.

ఇక లాక్ సంగతి. మీ భయం ఉత్తది కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరికిన భూమి పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం, వేలు ఎట్లా మార్చుకుంటాం? అందుకే లాక్ మంచిదే. కానీ లాక్ పడితే మీ నాయన వేలిముద్ర కూడా పనిచేయదు, రేషన్ షాపులోనూ బ్యాంకు మిత్ర దగ్గరా ఆగిపోతుంది, ప్రతిసారీ ముందు ఫోన్‌లో లాక్ తీయాలి. చదువు రాని మనిషి దాన్ని ఎవరి చేతికిస్తాడు? మళ్లీ ఇంకో మేస్త్రీకే! నన్నడిగితే ఇక్కడ తప్పు మీ నాయనది కాదు, ఫోన్ లేని మనిషిని లెక్కలోకి తీసుకోకుండా తాళం తయారుచేసిన వాళ్లది. ప్రస్తుతానికి డబ్బులు తీసేది ఏడాదికి రెండు మూడు సార్లే అయితే బ్రాంచికి పోయి ఆధార్‌తో డబ్బు తీసే సదుపాయం ఆపగలరేమో అడగండి, విత్‌డ్రాయల్ ఫారం మీద తీసుకోవచ్చు. నంబరు మారాక మైఆధార్ సైట్‌లో గత 6 నెలల్లో ఆయన ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూడండి. తెలియని విత్‌డ్రాయల్ కనబడితే అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. బయటివాళ్ల మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్పిన ఖాతాదారు మీద భారం పడొద్దని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది.

ప్రశ్న: హాస్టల్‌లో చేరేటప్పుడు ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. వెనక్కి అడగొచ్చా?
- ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: తప్పకుండా అడగమ్మా. ఖాళీ చేసే రోజున అడిగి తీసుకో. కానీ వాళ్లు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారో లేదో నీకు తెలిసే దారి లేదు, కాబట్టి జాగ్రత్త ఇచ్చేటప్పుడే పడాలి. మైఆధార్ సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి, అది ఇవ్వు. జిరాక్స్ మీద అడ్డంగా తేదీ, హాస్టల్ పేరు, ‘అడ్మిషన్ కోసం మాత్రమే’ అని రాసి సంతకం పెట్టు, ఫొటో మీదికి కూడా వచ్చేటట్టు రాయి.