జీలుగ ఒకటా, మూడా?

సందేహం: పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ విత్తనాలు చల్లమంటారు. మన్యంలో జీలుగు కల్లు అంటారు. పెళ్లి బాసికాలకు జీలుగుబెండు అంటారు. ఈ మూడూ ఒకే మొక్కా? జీలుగ అనాలా, జీలుగు అనాలా? పొలంలో జీలుగ కాడలు కోసి ఎండబెట్టి బాసికాలు చేసుకోవచ్చా?

సమాధానం: మూడూ వేరు. పేరొక్కటే ఉమ్మడి.

కల్లు ఇచ్చేది తాటి కుటుంబానికి చెందిన చెట్టు. గోదావరి మన్యంలో కొండరెడ్లు దాని కల్లు తాగుతారు. మాను లోపలి మెత్తని భాగాన్ని దంచి పిండి తీసి వండుకుంటారు కూడా. మిగతా రెండింటితో దానికి చుట్టరికం లేదు కాబట్టి పక్కన పెట్టేద్దాం.

తికమకంతా మిగతా రెండింటితోనే. రెండూ చిక్కుడు కుటుంబానివే; రెండింటికీ చింతాకులాంటి సన్నాకు, పసుప్పచ్చ పూలు. కాయ చూస్తే తేడా తెలిసిపోతుంది. పచ్చిరొట్ట జీలుగ కాయ సన్నగా, జానెడు పొడవుంటుంది. బెండు జీలుగ కాయ పొట్టిది. గింజగింజకీ మధ్య నొక్కు ఉంటుంది, ఎండాక ఆ నొక్కుల దగ్గరే ముక్కలుగా విడిపోతుంది. ఈ రెండోదాన్ని నీరుజీలుగ అనడమూ ఉంది. రాసేటప్పుడు ఆ పేరు వాడితే పేచీ ఉండదు.

పచ్చిరొట్ట జీలుగను ఎకరాకు 10–12 కిలోలు చల్లి, సుమారు 45 రోజులకు, పూతదశలో కలియదున్నుతారు. ముదిరితే కాడ పుల్లబారి మట్టిలో త్వరగా చివకదు. నీరు నిలిచిన మడిలో దాని మొదలు కూడా కొంచెం ఉబ్బి మెత్తగా అవుతుంది. పేరు కలవడానికి అదీ ఒక కారణం కావచ్చు. చెక్కడానికి మాత్రం ఆ కాడ పనికిరాదు.

నీరుజీలుగ సంగతి వేరు. కాడ నీటిలో మునిగి ఉన్నంత మేరే బాగా బెండు కడుతుంది. అందుకే చెరువుల్లో, మడుగుల్లో లోతుగా పెరిగినదే కోస్తారు. కోశాక బాగా ఎండనివ్వాలి. పచ్చిగా కట్టలు కట్టి పడేస్తే బూజు పట్టి, పాలతెలుపు పోయి పసుపుబారుతుంది. ఎండిన కాడను కావలసిన పొడవుకు కోసి, గోధుమరంగు పైతోలు చెక్కేస్తారు. తర్వాత పొడవాటి సన్నకత్తిని ఆనించి కాడను తిప్పుతూ పోతే బెండు కాగితంలా పొరగా విడివడుతుంది. ఆ పొరను రేకులు కత్తిరించి, చుట్టి, మొదట్లో దారం బిగిస్తే పువ్వు. కత్తి మొద్దుబారితే పొర రాదు, పొట్టుగా రాలుతుంది. అతికించే జిగురు పలచనైతే బెండు ఆ నీరు పీల్చుకుని ముడుచుకుపోతుంది.

బెంగాల్‌లో దీన్ని శోలా అంటారు; అక్కడి మాలాకారులు పెళ్లి కిరీటాలు, దుర్గ విగ్రహాల అలంకారాలు చేసేది దీనితోనే. తంజావూరులో నెట్టి అనే బెండు బొమ్మల పనీ దీనితోనే. మన పాత రచనల్లో కనిపించే దొరటోపీ దీనితో చేసిందే. దాన్ని ‘సోలార్ టోపీ’ అని రాసేవాళ్లున్నారు. అది సోలా టోపీ; సూర్యుడికీ ఆ పేరుకీ సంబంధం లేదు.

ఇక రూపం మాట. జీలుగ, జీలుగు రెండూ వాడుకలో ఉన్నవే, ఏదీ తప్పు కాదు. పైరు దగ్గర జీలుగ; కల్లు, బెండు దగ్గర జీలుగు ఎక్కువగా వినిపిస్తాయి. ఒంటి మాటగా వదిలేయడమే ఇబ్బంది. జీలుగ పైరు, జీలుగు చెట్టు, జీలుగుబెండు అని పక్కమాట చేర్చి రాయండి.

బెండు అన్న మాట ఒక మొక్కకే కట్టుబడిందీ కాదు. గాలానికి కట్టేదీ బెండే, సీసా మూతి బిగించేదీ బెండే. థర్మోకోల్‌తో చేసినదాన్నీ బెండు బాసికమనే అమ్మడానికి మాటపరంగా అడ్డు చెప్పలేం. కొనేటప్పుడు మాత్రం అంచున గోటితో గీరి చూడండి. థర్మోకోల్ పూసలు పూసలుగా రాలుతుంది. జీలుగుబెండు పొరగా లేస్తుంది.